సగం చదువు డాక్టరమ్మ

ఇంట్లో డాక్టరు చదివే పిల్ల వుంటే చుట్టాలకి ఎంత ధీమాయో, ఆ పిల్లకి అంత ప్రాణసంకటం. మా చిన్నాడపడుచు కూతురు 2017లో ఎంబీబీయెస్‌లో చేరింది. నెల తిరక్కుండానే మా అత్తగారు చీర కుచ్చెళ్ళు కాస్త పైకి జరిపి మోకాళ్ళు చూపించారు. "ఇంకా ఎముకల పేర్లే బట్టీ పడుతున్నాం అమ్మమ్మా!" అని అది మొత్తుకుంది. "మోకాల్లో వుండేదీ ఎముకేగా, చెప్పవే!" అన్నారావిడ. పక్కింటావిడ బీపీ మాత్రలూ, పాలవాడి కొడుకు గజ్జీ, అన్నీ దాని దగ్గరికే వచ్చేవి. ఏదైనా చెబితే తప్పు పోతుందేమోనని దానికి భయం. చెప్పకపోతే "అప్పుడే ఎంత గీరో చూడు!" అని వీళ్ళ మాట. చదువు పూర్తికాని పిల్లచేత వైద్యం చెప్పించుకోవాలనే సరదా మనందరిలోనూ కాస్తో కూస్తో వుంది, కాదంటారా?

2021 వేసవి వచ్చేసరికి ఆ సరదా కాస్తా నిజం పనై కూర్చుంది.

ఆ రెండు నెలలు ఎలా గడిచాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రతి ఇంటికీ ఒక కథ వుంది. మే 3వ తేదీన కేంద్ర ప్రభుత్వం ఒక నిర్ణయం ప్రకటించింది. డాక్టర్లు చాలడం లేదు కాబట్టి ఆఖరి సంవత్సరం ఎంబీబీయెస్ విద్యార్థులకి కాస్త తర్ఫీదిచ్చి, అధ్యాపకుల పర్యవేక్షణలో, జబ్బు స్వల్పంగా వున్న రోగుల్ని ఫోన్లో కనిపెట్టుకుని వుండే పని అప్పగించవచ్చునన్నారు. హౌస్‌సర్జన్లని కోవిడ్ పనుల్లో పెట్టుకోవచ్చునన్నారు. పీజీ ప్రవేశ పరీక్ష కనీసం నాలుగు నెలలు వాయిదా వేశారు. నూరు రోజులు పనిచేసిన వాళ్ళకి ప్రధానమంత్రి పేరు మీద గౌరవ పురస్కారమన్నారు.

ఆ రాత్రే ఆడపడుచు దగ్గర్నుంచి ఫోను. "వదినా, నీ మాటయితే వింటుంది. పరీక్షలూ వద్దు, పురస్కారాలూ వద్దు, ఇంటికొచ్చి పడమను. దేశంలో ఇంతమంది వుండగా వాళ్ళకి మా పిల్లే దొరికిందా?"

నిజం చెప్పొద్దూ, నేనూ ఆ మాటే అనుకున్నాను. దానికేం చెప్పి రప్పించాలా అని మాటలు కూడబలుక్కుంటున్నాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఉదయమే మా ఎదురింటాయన్ని ఆసుపత్రికి తీసుకెళితే నాలుగు గంటలపాటు పలకరించిన దిక్కు లేదని వాళ్ళావిడ ఏడిస్తే, నేనే అన్నాను: "ఏటా ఇన్ని వేలమంది డాక్టరు చదువులు చదువుతున్నారే, ఈ కష్టంలో ఒక్కరూ ముందుకి రారేం?" అని. ఉదయం అన్న నోరూ ఇదే, రాత్రి అంటున్న నోరూ ఇదే. ముందుకి రావలసిన ఆ ఒక్కరు మనింటి పిల్ల కాకూడదు, అంతే. ఇలాంటి ఆలోచన మీకెప్పుడూ రాలేదంటే మీరు నాకంటే గొప్పవారు.

ఇంతకీ అది ఇంటికి రాలేదు. చేయవలసింది ఫోను పనేనని తెలిశాక వాళ్ళమ్మ కూడా శాంతించింది. "ఫోనేగా! ఫోన్లోంచి జబ్బు రాదుగా!" అంది. నేనూ అదే అనుకున్నాను. మా ఇద్దరికీ తెలియంది ఏమిటంటే, ఫోన్లోంచి జబ్బు రాకపోవచ్చుగానీ మిగిలినవన్నీ వస్తాయి.

దానికిచ్చిన తర్ఫీదు అరగంట. ఒక కాగితం ఇచ్చారు. జ్వరం ఎంత, ఆయాసం వుందా, వేలికి తగిలించే ఆక్సీమీటరులో అంకె ఎంత, ఆరు నిమిషాలు ఇంట్లోనే నడిచాక ఎంత, ఇవీ ప్రశ్నలు. అంకె 94 కన్నా తగ్గితే పైడాక్టరుకి చెప్పాలి. రోజుకి నలభై ఇళ్ళు. కాగితం బాగానే వుంది, నేనూ చూశాను. తప్పుపట్టడానికేం లేదు. అయితే జబ్బుపడ్డ మనిషి కాగితంలో వున్న ప్రశ్నలకి మాత్రమే జవాబు చెప్పి ఊరుకోడు కదా. తనూ ఓ ప్రశ్న వేస్తాడు.

ఒక పెద్దాయన వేశాడు. రిటైరైన బడిపంతులు. మొదటి మూడు రోజులూ దీని చేత ఎక్కాలు చెప్పించినంత పని చేశాడట. నాలుగో రోజు సాయంత్రం అంకె 91. మాట్లాడితే రొప్పు. "అమ్మా డాక్టరుగారూ, నేను బతుకుతానా?" అన్నాడు.

దీనికి ఇరవై రెండేళ్ళు. కాగితంలో ఆ ప్రశ్న లేదు. "ఏం ఫర్వాలేదు బాబాయిగారూ, తగ్గిపోతుంది" అంది. వెంటనే పైడాక్టరుకి కబురూ పెట్టింది. ఆయన ముందు అలాంటి కబుర్లు ఇంకెన్ని వున్నాయో! రెండు గంటల తరవాత ఆయన చేస్తే ఆ ఇంట్లో ఫోను ఎత్తలేదు. మర్నాడు ఉదయం ఇది చేసింది. కొడుకు ఎత్తాడు. కేకలెయ్యలేదు, తిట్టలేదు. "రాత్రే తీసుకెళదామనుకున్నామమ్మా. మీరు ఫర్వాలేదన్నారని నాన్నగారు చెబితే, తెల్లారాక చూద్దాంలే అని ఆగాం" అన్నాడు.

నెల రోజుల తరవాత అది మా ఇంటికి వచ్చినప్పుడు, నేను చిక్కుడుకాయలు ఈనె తీస్తుంటే పక్కన కూర్చుని, తలెత్తకుండా అడిగింది: "అత్తయ్యా, నేను అబద్ధం చెప్పానా?"

"రాత్రి తీసుకెళ్ళినా మంచం దొరికేది కాదేమోనే" అన్నాను. "నేనడిగింది అది కాదు" అంది.

ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు. మంచం పట్టిన మనిషితో "తగ్గిపోతుందిలే" అనడం మన ఇళ్ళల్లో అబద్ధం కిందకి రాదు. కషాయం ఇచ్చినట్టే ఆ మాటా ఇస్తాం. విన్నవాళ్ళూ దాన్ని లెక్కగట్టి చూసుకోరు. కానీ అదే మాట "డాక్టరుగారూ" అని పిలిపించుకున్న మనిషి నోట్లోంచి వస్తే వైద్యమైపోతుంది. దాన్ని నమ్మి ఒక ఇల్లు ఒక రాత్రి ఆగుతుంది. పాపం ఇది మాట్లాడింది ఓ మేనకోడలి మనసుతో. అక్కడ వినిపించింది డాక్టరు గొంతు. ఈ రెంటికీ తేడా దానికి ఎవరు చెప్పాలి? అది తనంతట తాను తెలుసుకోవాలనడం న్యాయమేనా? అందుకే దాన్ని తప్పుపట్టలేను. అలాగని "నీ తప్పేం లేదులే" అనీ అనలేకపోయాను. అంటే నేనూ "తగ్గిపోతుందిలే" అన్నట్టే అవుతుంది.

ఇలా చదువు మధ్యలో వున్న పిల్లల్ని రోగుల ముందు నిలబెట్టడం మన దగ్గరే మొదలుకాలేదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా అమెరికాలో ఫిలడెల్ఫియా నగరాన్ని ఊడ్చేస్తున్నప్పుడు, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మూడో ఏడూ నాలుగో ఏడూ వైద్యం చదువుతున్న పిల్లల్ని తాత్కాలికపు ఆసుపత్రులకి పంపించారు. వాళ్ళల్లో ఒకడైన ఐజాక్ స్టార్ తరవాత పెద్ద వైద్యుడై, 1976లో ఆ రోజులు జ్ఞాపకం చేసుకుంటూ రాశాడు. ఆ జబ్బు గురించి వాళ్ళకి చెప్పింది ఒకే ఒక్క ఉపన్యాసమట! ఆ ఒక్కటీ విని వెళ్ళి నర్సుల పని చేశారు. మా పిల్ల అరగంటా ఆ ఉపన్యాసమూ సరికి సరి. వందేళ్ళలో మనం ఎంత ముందుకి పోయామో చూడండి!

అయితే ఇంకో ఊరి కథ వుంది. అది చదివాకే నా మనసు కొంత కుదుటపడింది.

1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో వచ్చిపడింది. కాళ్ళు చచ్చుబడే పోలియోయే మనకి తెలుసు. అక్కడ చాలామందికి ఊపిరి పీల్చే కండరాలే చచ్చుబడిపోయాయి. బ్లెగ్డమ్ అనే అంటువ్యాధుల ఆసుపత్రిలో మనిషిని లోపల పడుకోబెట్టి ఊపిరాడించే పెద్ద యంత్రం ఒక్కటంటే ఒక్కటి వుంది. ఛాతీకి తగిలించేవి ఇంకో ఆరు. మొదటి మూడు వారాల్లో అలాంటి రోగులు 31 మంది అయితే 27 మంది పోయారు. అప్పుడు మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్‌ని పిలిచారు. ఆగస్టు 27న ఆయన, ఇక దక్కదనుకున్న పన్నెండేళ్ళ పిల్లకి గొంతు దగ్గర చిన్న రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, దాని చివర రబ్బరు సంచీ తగిలించి చేత్తో నొక్కుతూ ఊపిరి పోశాడు. పిల్ల బతికింది.

సరే, ఒక పిల్లకి ఒక డాక్టరు నొక్కగలడు. ఒకేసారి డెబ్భై మంది అలాంటివాళ్ళు వుంటే? రాత్రీ పగలూ, రోజులూ వారాలూ ఆ సంచీ నొక్కేదెవరు? విద్యార్థుల్ని పిలిచారు. వైద్యం చదివేవాళ్ళు చాలకపోతే పళ్ళ వైద్యం చదివేవాళ్ళనీ పిలిచారు. ఆ కొన్ని నెలల్లో మొత్తం పదిహేను వందల మంది దాకా వంతులవారీగా మంచం పక్కన కూర్చుని సంచీ నొక్కారు. నొక్కు, వదులు. నొక్కు, వదులు. మంచం మీది పసివాడికి స్పృహ వుంటుంది, కళ్ళతో వీళ్ళనే చూస్తుంటాడు. ఒక చేత్తో నొక్కుతూ కథల పుస్తకం చదివి వినిపించినవాళ్ళూ వున్నారట. అంతకుముందు నూటికి 87 మంది పోయేవాళ్ళల్లా, ఆ తరవాత సగానికన్నా తక్కువకి దిగారు. ఇవాళ మనం ఐసీయూ అంటున్నామే, దానికి అంకురం అక్కడే పడింది.

ఆ పిల్లలకీ చదువు సగమే. వాళ్ళకీ నేర్పింది కాసేపే. మరి తేడా ఎక్కడుంది అని నేను చాలా ఆలోచించాను. నాకు తోచిందేమిటంటే, వాళ్ళకి ఇచ్చింది ఒక్కటే పని. ఆ పని మటుకు సగం కాదు, పూర్తిగా నేర్చుకున్నారు. ఏదైనా తేడా వస్తే చూడ్డానికి ఆ వార్డులోనే మత్తు డాక్టర్లు తిరుగుతున్నారు. "నేను బతుకుతానా?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పే భారం సంచీ నొక్కే పిల్లవాడి మీద పడెయ్యలేదు.

మా చిన్నతనంలో పంక్తి వడ్డనకి దింపేటప్పుడు మా పెద్దమ్మకో పద్ధతి వుండేది. పరికిణీ కట్టిన పిల్లలకి మొదట ఉప్పు గిన్నె ఇచ్చేది. ఆకు మీద ఎక్కడ వెయ్యాలో, ఎంత వెయ్యాలో, వంగినప్పుడు జడ ఆకులో పడకుండా ఎలా పట్టుకోవాలో పదిసార్లు చూపించేది. ఆ పైఏడు మంచినీళ్ళు. ఆ తరవాత నెయ్యి. పొగలుగక్కే పులుసు బాల్చీ పెద్దవాళ్ళ చేతుల్లోనే వుండేది. అన్నిటికన్నా ముఖ్యం ఇంకోటి చెప్పేది: "ఎవరన్నా నిన్ను కూర తెమ్మన్నారనుకో, పరుగెత్తి నువ్వే బేసినెత్తకు. 'పెద్దమ్మకి చెబుతానండీ' అని వచ్చి నాకు చెప్పు." ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి వుండేది. మేం తల తిప్పితే కనపడేది. రెండొందల మంది భోంచేసే పెళ్ళిలో పిల్లల సాయం లేకుండా జరగదు, నిజమే. అందుకనే పెళ్ళికి నాలుగు రోజుల ముందే ఉప్పు గిన్నె చేతికిచ్చి ఇంట్లో అలవాటు చేసేది. పంక్తి లేచి ఆకులు వేశాక మొదలుపెట్టేది కాదు.

మా పిల్లకి ఉప్పు గిన్నె పేరు చెప్పి పులుసు బాల్చీ ఇచ్చారు. గుమ్మంలో పెద్దమ్మ లేదు. అదీ నా బాధ.

మన వాళ్ళకి ఈ సంగతి తెలియదనీ అనను. 2020 ఆగస్టులోనే మెడికల్ కౌన్సిల్ స్థానంలో వున్న పాలకమండలి, ఎంబీబీయెస్ పాఠాల్లో మహమ్మారిని ఎదుర్కోవడం గురించి ప్రత్యేకంగా ఒక పాఠ్యభాగం చేర్చింది. రోగితో ఎలా మాట్లాడాలన్నది కూడా 2019లో చేరిన పిల్లల దగ్గర్నుంచి పాఠంలో భాగమే. ఇది అంతకు రెండేళ్ళు ముందే చేరింది పాపం.

తర్ఫీదు ఒక ఎత్తు, తరవాతి సంగతి ఇంకో ఎత్తు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడ్డప్పుడు మా తమ్ముడు డిగ్రీ రెండో ఏడు. ఎన్.ఎస్.ఎస్. కుర్రాళ్ళని లారీ ఎక్కించి పంపించారు. బావుల్లో బ్లీచింగు పొడి ఎంత కలపాలో చెప్పి పంపారు. అక్కడ వాళ్ళు చేసింది ఆ ఒక్క పనే కాదు. ఎనిమిది రోజుల తరవాత వచ్చాడు. మా అమ్మ దిష్టి తీసింది. కాలేజీ వాళ్ళు యోగ్యతాపత్రం ఇస్తే నాన్నగారు పటం కట్టించి ముందుగదిలో పెట్టారు. ఆ తరవాత తడిగోనె వాసన తగిలితే చాలు, అన్నం ముందు నుంచయినా లేచి వెళ్ళిపోయేవాడు. "వీడికి నాజూకు ఎక్కువైంది" అని మేమంతా నవ్వేవాళ్ళం. అక్కడ ఏం చూశావురా అని ఒక్కరం అడగలేదు. పటానికి మాత్రం ఏటా దుమ్ము తుడిచేవాళ్ళం. ఇప్పుడు వాడికి మనవలు. మొన్నమొన్న నేనడిగితే "ఇప్పుడెందుకక్కా" అన్నాడు.

ఇంకొకటి. "ఇష్టమున్నవాళ్ళే రండి, బలవంతం లేదు" అంటారు. ఆ మాట అనే మనిషి చేతిలోనే ఆ పిల్లల మార్కులున్నాయి, హాజరు వుంది, రేపు ఇచ్చే సర్టిఫికెట్టు వుంది. ఆయన ముందు చెయ్యెత్తకుండా కూర్చునే గుండె ఎంతమందికుంటుంది? మా పిల్ల తన ఇష్టంతోనే చెయ్యెత్తింది, నాకు తెలుసు. దాని పక్కగదిలో పిల్ల మటుకు, ఇంట్లో ఆయాసం జబ్బుతో వున్న తండ్రిని తలుచుకుని రాత్రంతా ఏడ్చి పొద్దున్నే చెయ్యెత్తిందట. వద్దనగలిగినప్పుడేగా ఒప్పుకున్నదానికి అర్థం? నావల్ల కాదన్న పిల్లని పిరికిదానిగా చూడని కాలేజీ వుంటే, అక్కడికి మన పిల్లల్ని నిశ్చింతగా పంపించవచ్చు.

అడిగే మనిషి ఎవరన్నది కూడా నాకు ముఖ్యమే. 1899 ఏప్రిల్‌లో కలకత్తాలో ప్లేగు వచ్చినప్పుడు సోదరి నివేదిత క్లాసిక్ థియేటరులో విద్యార్థులకి వాళ్ళ కర్తవ్యం గురించి చెప్పింది. వివేకానందస్వామి అధ్యక్షత వహించారు. పదిహేనుమంది దాకా పేర్లిచ్చారట. అంత పెద్ద నగరంలో పదిహేనుమందేనా అనిపిస్తుంది. కానీ ఆవిడ ఉపన్యాసం చెప్పి ఇంటికి పోయిన మనిషి కాదు. మురికిసందులోకి తనే చీపురు పట్టుకుని దిగింది. అది చూసి సిగ్గుపడి కుర్రాళ్ళు వచ్చి ఆ చీపురు అందుకున్నారు. 2021లో మనం బాల్కనీల్లోంచి పిల్లల త్యాగాన్ని తెగ మెచ్చుకున్నాం. మెచ్చుకోలు వద్దనను. నేనూ రాత్రి పూట ఓ డబ్బాలో జంతికలు పెట్టి హాస్టలుకి పంపి, దేశసేవ చేశాననుకున్నదాన్నే.

ఇప్పుడది పెద్ద చదువు పూర్తిచేసి, ఓ కాలేజీలో చిన్న క్లాసుల పిల్లలకి నేర్పే పనిలో వుంది. కిందటి నెల సెలవుకి వచ్చింది. వాళ్ళమ్మా వచ్చింది. మధ్యాహ్నం కాఫీలయ్యాక, "అత్తయ్యా, నువ్వు కాసేపు ముసలాయనవి కావాలి" అంది. వాళ్ళ క్లాసులో జతజతగా కూర్చోబెట్టి రోగీ విద్యార్థీ వేషాలు వేయిస్తుందట. రేపటి క్లాసుకి ఈ ఘట్టం సరిగా కుదురుతుందో లేదో చూసుకోవాలట.

"నాకు నాటకాలు రావే" అన్నాను.

"రానక్కర్లేదు. నీకు ఆయాసం. అంకె 91. నీ ఇష్టం వచ్చింది అడుగు."

చెంగు భుజం మీంచి కప్పుకుని కుర్చీలో వాలాను. అది నాకు వీపు పెట్టి కూర్చుంది, ఫోను కదా, మొహం కనపడకూడదని. జ్వరం అడిగింది, నడక అడిగింది, ఇంట్లో ఎవరున్నారని అడిగింది. నేను రొప్పుతూ సమాధానాలు చెప్పాను. వాళ్ళమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. ఏం అడగాలో నాకు తెలుసు. అడగబుద్ధి కాలేదు. అయినా అడిగాను.

"అమ్మా డాక్టరుగారూ, నేను బతుకుతానా?"

కాసేపు అది పలకలేదు. వాళ్ళమ్మ నవ్వు ఆగింది.

"నాకు తెలీదు బాబాయిగారూ" అంది. "నేను ఇంకా చదువుకుంటున్న పిల్లని. అంకె తగ్గింది, మీరు ఇంట్లో వుండకూడదు. అబ్బాయిగారికి ఇవ్వండి ఫోను, ఇప్పుడే బయల్దేరాలని చెబుతాను. మా పెద్దడాక్టరుగారిని ఇంకో ఫోన్లో పిలుస్తున్నాను. ఆయన పలికేదాకా నేను ఈ ఫోను పెట్టను."

"మరి ఆయన పలక్కపోతే?" అన్నాను. అది నాటకంలో లేని ప్రశ్న.

"అప్పుడు ఎవర్ని పిలవాలో కింద రాసి వుంటుంది అత్తయ్యా. ఈసారి కాగితం నేనే రాశాను" అని, ఇటు తిరిగి, కళ్ళు తుడుచుకుని, "రొప్పడం మరీ ఎక్కువ చేశావు" అంది.